రోగం పేరు అడగని రోజర్స్

కార్ల్ రోజర్స్ నాకు సైకాలజీ పుస్తకంలో దొరకలేదు, ఏఐ ల్యాబ్‌లో దొరికాడు. సెకండియర్‌లో చిన్న చాట్‌బాట్ ఒకటి రాయమన్నారు. చాట్‌బాట్ అనగానే అందరం ముందు చూసేది ఎలైజానే కదా. ఎంఐటీ ప్రొఫెసర్ జోసెఫ్ వైజెన్‌బామ్ దాని గురించి 1966లో పేపర్ వేశాడు. ఆ ప్రోగ్రామ్‌కి నిజానికి ఏమీ తెలీదు. మనం టైప్ చేసిన వాక్యంలో కీవర్డ్ వెతుక్కుని, 'నేను'ని 'మీరు'గా తిప్పి, మన మాటనే ప్రశ్నగా మార్చి మనకే తిరిగి ఇస్తుంది. అమ్మ మాట ఎత్తితే మీ ఇంట్లోవాళ్ల గురించి ఇంకా చెప్పండి అంటుంది, అంతే. దాని ఫేమస్ స్క్రిప్ట్ పేరు డాక్టర్. వైజెన్‌బామ్ దాన్ని రోజర్స్ పద్ధతిలో పనిచేసే థెరపిస్ట్‌లా రాశాడు. అలాంటి థెరపిస్ట్ ప్రపంచం గురించి ఏమీ తెలియనట్టు ఎంతసేపు ప్రశ్నలు అడిగినా ఎవరికీ అనుమానం రాదని ఆయన లెక్క.

తర్వాత జరిగింది క్లాసులో జోక్‌లా చెప్తారు. వైజెన్‌బామ్ సెక్రటరీ ఆ ప్రోగ్రామ్ తయారవడం నెలల తరబడి కళ్లారా చూసింది. అది ఉత్త కోడ్ అని ఆమెకి తెలుసు. అయినా దానితో కొద్దిసేపు టైప్ చేశాక, కాస్త గదిలోంచి బయటికి వెళ్తారా అని ఆయన్నే అడిగిందట. ఆయన ఎంత కంగారుపడ్డాడంటే, 1976లో కంప్యూటర్లకి ఏ పనులు అప్పజెప్పకూడదో చెప్తూ ఏకంగా పుస్తకమే రాశాడు. మనుషులు మెషిన్ చేతిలో ఎంత తేలిగ్గా మోసపోతారో చూడండి అని క్లాసులో నవ్వుకున్నాం. నాకు మాత్రం తర్వాత ఇంకోటి తట్టింది. ఆ సెక్రటరీకి ఏ జబ్బూ ఉన్నట్టు ఎక్కడా రాయలేదు. రోజూ ఆఫీసుకి వచ్చి పని చేసుకుని వెళ్లే మనిషి. ఆమెకి కూడా ఎవరూ పక్కన లేకుండా చెప్పుకోవాల్సింది ఏదో ఉంది. మరి ఆ ప్రోగ్రామ్ ఎవరిని కాపీ కొట్టిందో ఆ అసలు మనిషి ఎవరు, ఆయన ఎదురుగా కూర్చున్నవాళ్లకి ఏం జరిగేది? అక్కడ మొదలుపెట్టి చదివాను.

నాకు ఈ విషయం ఎందుకు పట్టిందో ముందే చెప్పేస్తాను. మాది ఆర్మూర్. అక్కడ మాట్లాడే మనుషులకి కొదవ లేదు. టీ హోటళ్ల దగ్గర మాటలే, బస్టాండులో మాటలే, పసుపు ఉడకబెట్టే రోజుల్లో అయితే రాత్రి పొద్దుపోయేదాకా కళ్లాల దగ్గర మాటలే. కానీ ప్రతి మాటా సలహాతోనే ముగుస్తుంది. సలహా ఇచ్చినాయన ఇంటికి చేరేలోపు మన కథ నాలుగు వాడలు తిరిగి వస్తుంది. ఇక ఎవరికైనా మనసు బాగాలేదంటే మా దగ్గర రెండే జవాబులు. ఏం గాదు తియ్యి అనడం ఒకటి. ఎర్రగడ్డ పేరెత్తడం రెండోది. హైదరాబాద్‌లో ఉన్న ఆ మానసిక వైద్యశాల పేరు మా జిల్లాలో తిట్టుగా మారిపోయి ఎన్నేళ్లయిందో. ఏం గాదు తియ్యికీ ఎర్రగడ్డకీ మధ్య చాలా జాగా ఉంది. మనలో చాలామందిమి ఉన్నది ఆ జాగాలోనే. రోజర్స్ జీవితమంతా పనిచేసింది కూడా అక్కడే.

ఆయన 1902 జనవరి 8న చికాగో పక్కనున్న ఓక్ పార్క్‌లో పుట్టారు. ఆరుగురు పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి సివిల్ ఇంజినీర్, కాంట్రాక్టు పనుల్లో బాగా సంపాదించాడు. ఇల్లు గట్టి భక్తిపరుల ఇల్లు. పేకాట, నాటకాలు, డ్యాన్సులు ఏవీ కుదరవు. తల్లిదండ్రులకి పిల్లలంటే ప్రాణం, కానీ ఆ ప్రేమతోనే పిల్లల్ని ఎటూ కదలనివ్వకుండా కట్టేశారు. మన ఇళ్లల్లో ఉన్నవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. కార్ల్ ఎప్పుడూ పుస్తకంలో తలదూర్చి ఉండే ఒంటరి పిల్లాడు. ఇంట్లో ఎగతాళి ఎక్కువ, మనసులో మాట చెప్పుకోవడం తక్కువ. అతనికి పన్నెండేళ్లప్పుడు కుటుంబం ఊరికి దూరంగా ఒక ఫారమ్ కొనుక్కుని వెళ్లిపోయింది. పట్నం గాలి పిల్లలకి సోకకూడదన్నది కూడా దానికి ఒక కారణం.

ఆ ఫారమ్ మీద కార్ల్ పెద్ద పెద్ద చిమ్మటల్ని పట్టి పెంచాడు. గొర్రెపిల్లల్ని, కోళ్లని సాకాడు. సైంటిఫిక్ వ్యవసాయం మీద లావు పుస్తకాలు చదివి, ఏ మేత పెడితే ఏమవుతుందో ప్రయోగం చేసి లెక్కగట్టడం నేర్చుకున్నాడు. మనసుల గురించి చెప్పే మనిషి మొదటి పాఠాలు మేత లెక్కల్లో నేర్చుకోవడం నాకు భలే నచ్చింది. ఆ ఇంటి నేలమాళిగలో చలికాలానికి ఆలుగడ్డలు నిలవ చేసేవాళ్లు. ఎక్కడో పైన ఒక చిన్న కిటికీ. మట్టి లేదు, నీళ్లు లేవు, అయినా ఆ గడ్డలు తెల్లటి పాలిపోయిన మొలకలు వేసి, ఆ కిటికీ వైపే అడుగుల కొద్దీ సాగేవి. ముసలితనంలో రోజర్స్ ఆ మొలకల గురించి రాశారు. వంకరగా పెరిగిన మనుషుల్ని చూసినప్పుడు తనకి అవి గుర్తొచ్చేవని చెప్పుకున్నారు. మా తాత విత్తనం పసుపు నీడన కుప్ప పోసి పసుపు ఆకులతో కప్పి ఉంచేవాడు. వానలు పడకముందే ఆ కొమ్ములకి మొలకలు వచ్చేసేవి. ఎవరూ చెప్పకుండా దానికెట్ల తెలుస్తది అని చిన్నప్పుడు అడిగితే, దానికి తెలుస్తది అన్నాడు. రోజర్స్ సిద్ధాంతం మొత్తం దాదాపు ఇదే. చుట్టూ పరిస్థితి సరిగ్గా ఉంటే మనిషి తనంతట తనే ఎదిగే వైపు తిరుగుతాడు. పక్కవాడి పని ఆ పరిస్థితి కల్పించడమే.

విస్కాన్సిన్ యూనివర్సిటీలో మొదట వ్యవసాయం చదవడానికి చేరారు. తర్వాత మతబోధకుడు అవుదామనుకుని చరిత్రకి మారారు. 1922లో ప్రపంచ క్రైస్తవ విద్యార్థుల సభ కోసం చైనాకి వెళ్లే అమెరికన్ విద్యార్థుల్లో ఆయన పేరు వచ్చింది. ప్రయాణం ఆరు నెలలకి పైనే. దారిలో రకరకాల దేశాల వాళ్లు, ఒకే మతంలో ఉండి కూడా వేరేగా ఆలోచించే వాళ్లు. తన ఆలోచనలు ఎలా మారిపోతున్నాయో ఇంటికి దాచకుండా ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరం అమెరికా చేరి, జవాబు తిరిగి వచ్చేసరికి నెలలు పట్టేది. అమ్మానాన్నల కోపం చేతికందేలోపు ఆయన ఇంకో మనిషి అయిపోయి ఉండేవారు. ఇప్పుడైతే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో రెండు బ్లూ టిక్కులు పడగానే ఫోన్ మోగేది. తిరిగి వచ్చాక కడుపులో పుండుతో ఆసుపత్రి పాలయ్యారు. ఆ కుటుంబంలో ఇంకొందరికీ అదే జబ్బు ఉండేది. ఆ ఇంటి ప్రేమకీ కడుపులో పుండుకీ ఏదో సంబంధం ఉందని ఆయనే తర్వాత అన్నారు.

1924లో చిన్ననాటి స్నేహితురాలు హెలెన్‌ని పెళ్లి చేసుకుని న్యూయార్క్‌లో యూనియన్ థియలాజికల్ సెమినరీలో చేరారు. అక్కడ కొందరు విద్యార్థులు ఒక విచిత్రమైన కోరిక కోరారు. మాకు పాఠం చెప్పొద్దు, మా ప్రశ్నలు మేమే మాట్లాడుకునే క్లాసు ఒకటి ఇవ్వండి అన్నారు. కాలేజీ వాళ్లు ఒప్పుకున్నారు, ఒక యువ అధ్యాపకుడు కూర్చుంటాడు గానీ అడిగితే తప్ప మాట్లాడడు అనే షరతుతో. (మన డిపార్ట్‌మెంట్‌లో ఇలాంటి అప్లికేషన్ పెడితే ఏమవుతుందో ఊహించుకోండి.) ఆ క్లాసులో మాట్లాడుకుని మాట్లాడుకుని చాలామంది మతబోధ వద్దని తేల్చుకున్నారు. రోజర్స్ వాళ్లలో ఒకరు. రోడ్డు దాటితే కొలంబియా టీచర్స్ కాలేజీ. అటు మారి సైకాలజీలో 1931లో పీహెచ్‌డీ తీసుకున్నారు.

అసలు కథ రోచెస్టర్‌లో. 1928 నుంచి పన్నెండేళ్లు అక్కడ పిల్లల రక్షణ సంస్థలో పనిచేశారు. కోర్టులు, బడులు, సంక్షేమ సంస్థలు పంపిన పిల్లలు వేల సంఖ్యలో ఆయన చేతుల మీదుగా వెళ్లారు. దొంగతనాలు చేసేవాళ్లు, ఇంట్లోంచి పారిపోయేవాళ్లు. మొదట్లో ఆయన కూడా అందరిలాగే చేసేవారు. టెస్టులు పెట్టి, కారణం కనిపెట్టి, అది వాళ్లకి వివరించి, చికిత్స రాయడం. మనం బగ్ కనిపెట్టి ఫిక్స్ చేసినట్టు అన్నమాట.

ఒకసారి అల్లరి శృతిమించిన ఒక అబ్బాయిని తల్లి తీసుకొచ్చింది. రోజర్స్ అంతా విని, సమస్య మూలం పిల్లాడు చిన్నగా ఉన్నప్పుడు తల్లి వాణ్ణి మనసులో దూరం పెట్టడమేనని తేల్చుకున్నారు. ఆ సంగతి ఆమెకి మెల్లగా, మర్యాదగా, ఆమె మాటల్లోంచే ఆధారాలు తీసి చూపించాలని వారాల తరబడి ప్రయత్నించారు. ఆమె వస్తోంది, వింటోంది, కానీ ఏమీ కదలట్లేదు. చివరికి ఆయనే చేతులెత్తేశారు. ఇద్దరం ప్రయత్నించాం, కుదరలేదు, ఇక ఆపేద్దాం అన్నారు. ఆమె కూడా సరే అంది. కరచాలనం చేసి తలుపు దాకా నడిచింది. అక్కడ ఆగి వెనక్కి తిరిగి, మీరు ఇక్కడ పెద్దవాళ్లకి కూడా కౌన్సెలింగ్ చేస్తారా అని అడిగింది. చేస్తాం అన్నారాయన. అయితే నాకు కావాలి అని, లేచిన కుర్చీలోనే మళ్లీ కూర్చుంది. అప్పుడు మొదలుపెట్టింది. భర్తతో గొడవలు, తన ఓటమి, తన గందరగోళం. ఇన్నాళ్లూ ఆయన రాసుకున్న కేస్ హిస్టరీలో ఉన్న మాటలకీ వీటికీ పోలికే లేదు. ఆయన పెద్దగా ఏమీ చేయలేదు, విన్నారు. అప్పటినుంచి ఆమెకి మేలు జరగడం మొదలైంది. ఆఖరికి కొడుక్కి కూడా.

నేను ఈ ముక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఫైలు కొడుకు పేరు మీద ఉంది. కేసు కొడుకుది. ఆమెకి ఏ డయాగ్నసిస్ లేదు, ఆమె కోసం అక్కడ ఒక కుర్చీ ఉందని కూడా ఆమెకి తెలీదు. అడిగే ధైర్యం తలుపు దాకా వెళ్లాక వచ్చింది. ఎక్కడ నొప్పో, ఏది ముఖ్యమో ఎదుటి మనిషికే తెలుసని, తన తెలివి చూపించుకునే పని లేకపోతే వాళ్లనే దారి చూపించనివ్వడం మేలని రోజర్స్ ఆరోజు నేర్చుకున్నానని రాసుకున్నారు.

నేను కూడా ఈ సంవత్సరం నుంచి గురువారాలు ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాను. ఈ మ్యాగజైన్‌లో రాయొచ్చా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. నాకు ఏ జబ్బూ లేదు. నిద్ర పడుతుంది, అన్నం తింటాను, సీజీపీఏ బాగానే ఉంది. నాన్న దుబాయ్ వెళ్లి పదకొండేళ్లు. ఇంటి నుంచి ఫోన్ మోగితే చాలు, ఎత్తేలోపు కడుపులో ఒక ముడి పడుతుంది, అంతే. దీన్ని పట్టుకుని డాక్టర్ దగ్గరికి ఎవరు వెళ్తారు? అమ్మకి చెప్పినప్పుడు ముందు భయపడింది, తర్వాత మంచిగనే ఉన్నవ్ కద బిడ్డా, నీకేమైంది అంది, ఆ తర్వాత ఎవ్వరికీ చెప్పకు, రేపు పెళ్లిలో అడుగుతరు అంది. ఆ మూడూ నిజమైన మాటలే, ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. కానీ నాలుగో గురువారమో ఐదో గురువారమో, ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లడం నాకు ఇష్టం లేదు అన్న మాట నా నోట్లోంచి వచ్చింది. ఇంట్లో అందరూ, నాతో సహా, నేను వెళ్తానని ఖాయం చేసుకున్న విషయం అది. ఆమె వెళ్లమనలేదు, వద్దనలేదు. నేను అన్న మాటనే మళ్లీ నా ముందు పెట్టింది. పైకి చూస్తే ఎలైజా చేసింది కూడా ఇదే. కానీ ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు మారిందని ఆమె గమనించింది. కీవర్డ్ మ్యాచింగ్‌కి అది దొరకదు.

మళ్లీ ఆయన కథకి వద్దాం. ఆ రోజుల్లో అమెరికాలో సైకోథెరపీ అంటే మెడికల్ డాక్టర్ల సొత్తు. రోచెస్టర్‌లో కొత్త గైడెన్స్ సెంటర్‌కి రోజర్స్ డైరెక్టర్ అవుతుంటే, డాక్టర్ కాని మనిషి అక్కడ ఎలా కూర్చుంటాడని అక్కడి సైకియాట్రిస్టులు పెద్ద గొడవే చేశారు. ఆయన నెగ్గారు, కానీ 1940లో ఒహైయో స్టేట్ యూనివర్సిటీకి ప్రొఫెసర్‌గా వెళ్లిపోయారు. అదే ఏడాది డిసెంబర్ 11న మిన్నెసోటా యూనివర్సిటీలో ఒక ప్రసంగం చేశారు. సలహా చెప్పడం, విశ్లేషించి వివరించడం అనే పాత పద్ధతుల్ని విమర్శించి, కొత్తదేమిటో చెప్పారు. సభలో కొందరు మెచ్చుకున్నారు, కొందరు మండిపడ్డారు. తన పద్ధతి పుట్టినరోజు అదేనని ఆయన తర్వాత అనేవారు.

1942లో వచ్చిన పుస్తకంలో రెండు పనులు చేశారు. మొదటిది, ఒక మనిషితో జరిగిన ఎనిమిది సిట్టింగులూ గ్రామఫోన్ రికార్డుల మీద పట్టి, పేరు మార్చి, మాట పొల్లుపోకుండా అచ్చువేశారు. అప్పటిదాకా థెరపీ గదిలో ఏం జరుగుతుందో థెరపిస్ట్ గుర్తుపెట్టుకుని చెప్పిందే మనకి దిక్కు. తలుపు తెరిచి డేటా బయటపెట్టింది ఈయనే. మన భాషలో చెప్పాలంటే సోర్స్ కోడ్ రిలీజ్ చేశారు. రెండోది, పేషెంట్ అనే మాట తీసేసి క్లయింట్ అన్నారు. మా ఊళ్లో క్లయింట్ అంటే వకీలు దగ్గరికి పోయేవాడు, కాబట్టి మొదట నాకు నవ్వొచ్చింది. తర్వాత అర్థమైంది. వకీలు దగ్గరికి వెళ్లినవాణ్ణి జబ్బుమనిషి అని ఎవరూ అనుకోరు. సమస్య వాడిది, నిర్ణయం వాడిది, వకీలు తోడు మాత్రమే. ఒక్క మాట మార్చి తలుపు ఎంత వెడల్పు చేశారో చూడండి. రోగం పేరు ఉంటేనే లోపలికి రావాలన్న షరతు పోయింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసే సమయంలో, తిరిగి వస్తున్న సైనికులతో ఎలా మాట్లాడాలో నేర్పే పని ఆయన మీద పడింది. 1945లో చికాగో యూనివర్సిటీకి వెళ్లి కౌన్సెలింగ్ సెంటర్ పెట్టారు. విద్యార్థులు, ఊళ్లోవాళ్లు, ఎవరైనా రావచ్చు. ఇక్కడా సైకియాట్రీ విభాగం వాళ్లు, లైసెన్స్ లేకుండా వైద్యం చేస్తున్నారు, మూసేయండి అని పట్టుబట్టారు. రోజర్స్ గట్టిగా జవాబిచ్చాక ఆ గొడవ సద్దుమణిగింది. సెంటర్‌కి వచ్చినవాళ్ల మీద కొలతలతో పరిశోధన చేశారు. కొందరిని 60 రోజులు ఆగమని, ఆ ఎదురుచూపులో వాళ్లంతట వాళ్లే మారతారా, థెరపీ మొదలయ్యాక మారతారా అని పోల్చారు. 1954లో ఆ ఫలితాలు పుస్తకంగా వచ్చాయి. వచ్చినవాళ్లలో చాలామందికి, తాము ఎలా ఉన్నామనుకుంటున్నారో, ఎలా ఉండాలనుకుంటున్నారో, ఆ రెండింటి మధ్య దూరం థెరపీ తర్వాత తగ్గింది. మేత లెక్కలు గట్టిన పిల్లాడే ఇది. 1956లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ మొదటిసారి ఇచ్చిన సైన్స్ అవార్డు ముగ్గురికి దక్కితే వాళ్లలో ఈయన ఒకరు.

ఈ విజయాల మధ్యలో ఒక గొయ్యి ఉంది. చాలా పరిచయ వ్యాసాల్లో అది కనిపించదు. 1949 ప్రాంతంలో తీవ్రంగా కలత చెందిన ఒక క్లయింట్‌ని ఆయన చూస్తున్నారు. ఆమెకి సాయం చేసి తీరాలన్న పట్టుదలలో, తనకి ఏమనిపిస్తుందో తనే వినడం మానేశారు. మెల్లగా ఆమె బాధకీ తనకీ మధ్య గీత చెరిగిపోయింది. ఒకరోజు ఇక ఇప్పుడే వెళ్లిపోకపోతే నాకు పిచ్చెక్కుతుందనే స్థితికి వచ్చారు. ఆమె బాధ్యతని ఒక సైకియాట్రిస్టుకి అప్పగించి, ఇంటికి వెళ్లి హెలెన్‌కి చెప్పారు. గంటలోపే ఇద్దరూ కారెక్కి ఊరు దాటారు. రెండు మూడు నెలలు తిరిగి రాలేదు. అప్పటికే ఆయన దేశంలోని సైకాలజిస్టుల సంఘానికి అధ్యక్షుడిగా చేసిన మనిషి.

తిరిగి వచ్చాక కూడా మనసు కుదుటపడలేదు. అప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్న ఒక సహోద్యోగి వచ్చి, మీకు ఇబ్బంది లేకపోతే నేను సాయం చేస్తాను అన్నాడు. గురువు శిష్యుడి ఎదురుగా కూర్చున్నారు. వారం వారం. మనుషులందరినీ ఉన్నది ఉన్నట్టు స్వీకరించాలని చెప్పిన ఈయన లోపల, నేను చేసే పని నచ్చొచ్చు గానీ నేను ఎవరికీ నచ్చను అనే నమ్మకం చిన్నప్పటినుంచీ పాతుకుపోయి ఉందట. అది అక్కడ బయటపడింది, మెల్లగా కరిగింది. తర్వాతి ఏళ్లలో ఆయన ఎదుటివాళ్లతో ఇంకా దగ్గరగా, ఇంకా నిజాయితీగా ఉండగలిగానని చెప్పారు. నాకు ఈ గొయ్యి తెలిశాకే ఆయన మీద నమ్మకం కుదిరింది. ఈత నేర్పేవాడు తను మునిగినప్పుడు చెయ్యి అందుకున్నాడు. చెయ్యి అందుకోనని మొండికేయలేదు.

1957లో విస్కాన్సిన్‌కి వెళ్లారు. ఇది ఆయన జీవితంలో అంత బాగా నడవని భాగం. స్కిజోఫ్రీనియాతో ఆసుపత్రిలో ఉన్నవాళ్ల మీద తన పద్ధతిని పరీక్షించారు. ఆశించిన ఫలితాలు రాలేదు, పైగా పరిశోధక బృందంలోనే కీచులాటలు. నా అభిప్రాయం ఏంటంటే, ఈ ఓటమి కూడా మనకి పనికొచ్చేదే. కొన్ని జబ్బులకి మందు కావాలి, సైకియాట్రిస్ట్ కావాలి, ఒట్టి వినడం సరిపోదు. బతకాలని లేదు అనిపిస్తున్నవాళ్లు గురువారం దాకా ఆగకూడదు. 14416కి ఫోన్ చేస్తే టెలి-మానస్ వాళ్లు ఏ సమయంలోనైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. ఇది మందులకి బదులు అని నేను చెప్పట్లేదు. మందు అవసరం లేనివాళ్లకి కూడా ఒక కుర్చీ ఉండాలంటున్నాను.

1961లో వచ్చిన ఆయన పుస్తకం, 'ఆన్ బికమింగ్ ఎ పర్సన్', సైకాలజీ గడప దాటింది. టీచర్లు, నర్సులు, ఇళ్లల్లో ఉండేవాళ్లు కొని చదివారు, కుప్పలుగా ఉత్తరాలు రాశారు. 1964లో యూనివర్సిటీ ఉద్యోగం వదిలి కాలిఫోర్నియా వెళ్లిపోయారు. అక్కడినుంచి ఆయన పని దాదాపుగా మామూలు మనుషులతోనే. ముక్కూమొహం తెలియని పదిమందిని ఒక గదిలో కూర్చోబెట్టి, ఎజెండా లేకుండా మాట్లాడుకోనివ్వడం. అలాంటి ఒక గుంపు మీద తీసిన 'జర్నీ ఇంటు సెల్ఫ్' సినిమాకి డాక్యుమెంటరీ ఆస్కార్ కూడా వచ్చింది. అందులో ఉన్నవాళ్లు పైకి చూస్తే అన్నీ సవ్యంగా ఉన్నవాళ్లే. లోపల ఎంత ఒంటరితనం ఉందో చూస్తుంటే తెలుస్తుంది. బెల్‌ఫాస్ట్‌లో కొట్టుకుంటున్న కాథలిక్కులని, ప్రొటెస్టెంట్లని కలిపి కూర్చోబెట్టారు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ఉన్న రోజుల్లోనే తెల్లవాళ్లని, నల్లవాళ్లని ఒకే గుంపులో మాట్లాడించారు. దాంతో యుద్ధాలు ఆగాయా అంటే ఆగలేదు. ఇక్కడ నాకు ఆయన మీద ఒక ఫిర్యాదు ఉంది. వినడం వల్ల కడుపులో ముడి వదులవుతుంది గానీ నాన్నకి ఆర్మూర్‌లో జీతం దొరకదు, పసుపుకి ధర రాదు. రోజర్స్ రాతల్లో అప్పు, ధర, కులం లాంటి బరువులు తక్కువ కనిపిస్తాయి. బహుశా మంచి ఫారమ్ ఉన్న ఇంట్లో పుట్టడం వల్లేమో.

ఆయన్ని దేవుణ్ణి చేయక్కర్లేదు కూడా. హెలెన్ ఏళ్ల తరబడి జబ్బుతో ఉన్నప్పుడు ఆ బరువు మోయలేక సతమతమయ్యారు, మనసు ఇంకో చోటికి పోయింది. మద్యం ఎక్కువైందని జీవితచరిత్రలు రాసినవాళ్లు చెప్తారు. 1979లో హెలెన్ చనిపోయారు.

మొన్న 2025 జూలైలో మన సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో తీర్పు ఇస్తూ, వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్ట్‌నో, సోషల్ వర్కర్‌నో పెట్టాలని చెప్పింది. తీర్పు కుర్చీ వేయించగలదు. ఆ కుర్చీలో కూర్చోవడానికి ముందు సర్టిఫికెట్ అడుగుతారా, బయటికి వచ్చేవాణ్ణి చూసి కారిడార్‌లో ఎవరైనా ఎర్రగడ్డ అంటారా అన్నది మాత్రం మన చేతిలో ఉంది.

రోజర్స్ ఎనభై దాటాక కూడా విమానాలెక్కి తిరుగుతూనే ఉన్నారు. 1985లో ఆస్ట్రియాలోని రుస్త్ అనే చిన్న ఊళ్లో, సెంట్రల్ అమెరికా యుద్ధాలతో సంబంధం ఉన్న నాయకుల్ని, దౌత్యవేత్తల్ని కూర్చోబెట్టారు. 1986లో మాస్కో, టిబిలిసి వెళ్లారు. అక్కడ కూడా గుండ్రంగా వేసిన కుర్చీల్లో కూర్చున్నది ఉద్యోగాలు చేసుకునే, పిల్లల్ని పెంచుకునే మామూలు మనుషులే. 1987 జనవరిలో ఎనభై ఐదేళ్లు నిండాయి. ఆ నెలాఖరులోనే ఇంట్లో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది గానీ తర్వాత గుండె ఆగింది. ఫిబ్రవరి 4న చనిపోయారు.